కర్నూలులో నీటి ఒడ్డున ఒక రోజు తీరిగ్గా నడవాలంటే ఎక్కడికి వెళ్లాలి?

హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తూ దారిలో కర్నూలులో ఒక రోజు ఆగుతున్నామని, పెద్దవాళ్లు వెంట ఉన్నందువల్ల హడావుడి లేకుండా నది పక్కన నడిచే చోటు చెప్పమని అడిగారు. నాది అనంతపురం. పని మీద కర్నూలు వెళ్లినప్పుడల్లా ఒక పూటైనా ఏటి ఒడ్డున గడపడం నాకు అలవాటు కనుక, నేను తిరిగే తోవనే మీకూ చెబుతున్నాను.

విశాఖ బీచ్ రోడ్డులా ఒకే వరుసన సాగే పొడవాటి నడకదారి ఇక్కడ ఉంటుందని మాత్రం అనుకోవద్దు. కర్నూలులో నీటి ఒడ్డు ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. ఒకచోట తుంగభద్ర ఘాట్, ఒకచోట హంద్రీ నది గట్టు, మరొకచోట కె.సి. కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ. మధ్యమధ్య ఆటో ఎక్కి వీటిని కలుపుకుంటూ పోవాలి. పెద్దవాళ్లకు నిజానికి ఇదే సౌకర్యం.

ఎండ ముదరకముందే తుంగభద్ర దగ్గరికి వెళ్లండి. 2020 నవంబరులో పుష్కరాలు జరిగిన సంకల్‌బాగ్ ఘాట్ దగ్గర మెట్ల మీద కూర్చోవచ్చు, ఒడ్డునే ఉన్న సాయిబాబా గుడికీ వెళ్లిరావచ్చు. అవతలి గట్టు తెలంగాణ. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడేది చేపలు పట్టేవాళ్ల పుట్టిని చూడటానికే. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున తారు పూసిన ఆ పుట్టిని ఒకే తెడ్డుతో అటూ ఇటూ తిప్పుతూ నడిపి, ఒడ్డుకు రాగానే బోర్లించి నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోతారు. కార్తీక మాసంలో అయితే తెల్లవారుజాము నుంచే దీపాలు వదిలేవాళ్లతో మెట్లన్నీ నిండిపోతాయి కనుక, ఆ రోజుల్లో కాస్త ఆలస్యంగా వెళ్లడమే మేలు.

టిఫినుకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినండి. బొరుగులు మెత్తబడి ముద్ద కాకుండా, పైన పప్పుల పొడి చల్లి వేడివేడిగా ఇచ్చే బండి దొరికితే ఇక హోటలు వెతుక్కోనక్కరలేదు. పాతబస్తీలో నది మాట ఎత్తితే చాలు, 2009 అక్టోబరు వరద కథ మొదలవుతుంది. నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయని గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు.

అచ్యుతదేవరాయల కాలం నాటిదని చెప్పే కొండారెడ్డి బురుజును దారిలో కాసేపు చూస్తే సరిపోతుంది. దానికంటే హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధికి ఎక్కువ సమయం ఇవ్వమంటాను. బీజాపూరు సుల్తానుల తరఫున కర్నూలును ఏలిన ఆయన 17వ శతాబ్దపు తొలినాళ్లలో మరణించాడు. అక్కడి వరండా కమానుల కింద ఎండపూట కూడా చల్లగా ఉంటుంది. హంద్రీలో చూడదగినంత నీళ్లు వానాకాలంలోనే ఉంటాయి, మిగతా రోజుల్లో ఆ ఏటి వాసన గురించి చెప్పకపోవడమే మంచిది.

సాయంత్రానికి కె.సి. కెనాల్ గట్టుకు చేరండి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మొదలయ్యే ఈ కాలువను 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. లాభాలు రాక చివరకు 1882లో ప్రభుత్వానికి అమ్మేసింది. సాగునీటితో పాటు పడవల రవాణాకూ పనికివస్తుందని తవ్విన కాలువ ఇది. కర్నూలులోనే ఒకచోట ఈ కాలువ హంద్రీ నది మీదుగా అక్విడక్ట్ పై సాగిపోతుంది. కింద ఏరు, పైన కాలువ పారే ఆ చోటును ఊరివాళ్లు పెద్దగా పట్టించుకోరు గానీ, నాకైతే కర్నూలులో చూడవలసిన వాటిలో అదే మొదటిది. వినాయక నిమజ్జనం జరిగే వినాయక ఘాట్ కూడా ఈ కాలువ మీదే ఉంది. చవితి తర్వాత నిమజ్జనం రోజున మాత్రం పెద్దవాళ్లను అటు తీసుకువెళ్లకండి, ఊరంతా అక్కడే ఉంటుంది.

చెట్ల నీడలో నడిచే పార్కే కావాలంటే నందికొట్కూరు రోడ్డులో గార్గేయపురం చెరువు పక్కన ఉన్న నగరవనానికి వెళ్లవచ్చు, అయితే దానికి ఊరు దాటాలి. అలంపురం గుళ్లను ఇదే రోజులో ఇరికించకండి, వాటికి వేరే ఒక పూట కావాలి. మీ ప్రయాణం ఆగస్టు, నవంబరు మధ్యలో పెట్టుకోగలిగితే పెట్టుకోండి. వేసవిలో తుంగభద్రలో బండరాళ్లు, ఇసుక తిన్నెలే ఎక్కువగా కనిపిస్తాయి. ఆ ఎండలో ఉదయం తొమ్మిది దాటాక ఘాట్ మెట్ల మీద కాలు పెట్టలేరు.