ఆ వస్త్రాల ఘట్టం ఎందుకు కొట్టేశావు?

చిరంజీవికి దీవెనలు.

నీ నాటిక రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ ప్రాచీన గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ సృష్టించిన రాణి క్లైటెమ్నెస్ట్రాను కథానాయికగా తీసుకుని, ఆమె తన భర్త అగమెమ్నాన్‌ను వస్త్రాల మీద నడిపించే ఘట్టాన్ని కొట్టేసి, ఆ చోట స్త్రీ స్వేచ్ఛ మీద రెండు పేజీల ఉపన్యాసం పెట్టావే, అది చదివినప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు.

క్రీ.పూ. 458లో ఏథెన్స్‌లో ప్రదర్శించిన ఆ ‘అగమెమ్నాన్’ నాటకంలో ఆమె తన హక్కుల గురించి ఎక్కడా ఉపన్యసించదు. భర్త యుద్ధానికి వెళ్లిన ట్రాయ్ నగరం పట్టుబడిందని చెబితే, తమ ఆర్గోస్ నగర పెద్దలు ఆడదాని మాటేనని శంకిస్తారు. అప్పుడామె, ట్రాయ్ దగ్గరి ఐడా కొండ మీద గెలుపుకు గుర్తుగా వెలిగిన మంట ఏయే శిఖరాలు దాటి తన మేడను చేరిందో వరుసగా చెబుతుంది. ఆ ఏర్పాటు చేసింది తానే. రాజ్యం ఎవరి చేతిలో ఉందో ప్రేక్షకుడికి ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

ఇక పదేళ్ల తరువాత గెలిచి వచ్చిన రాజు, ఓడలకు గాలి కోసం కన్నకూతురు ఇఫిజీనియాను బలి ఇచ్చినవాడు, ఆ విలువైన ఎర్రని వస్త్రాలు తొక్కడానికి జంకుతాడు. అటువంటి గౌరవం దేవతలకే తగునంటాడు, పోరు కోరడం ఆడదానికి తగదంటాడు. పట్టుమని పదిహేను పంక్తులైనా లేని సంవాదంలో ఆమె అతని గర్వాన్నీ భయాన్నీ ఒకదాని మీదికి మరొకదాన్ని ఉసిగొల్పి, చెప్పులు విప్పమని అతని నోటనే అనిపిస్తుంది. అతను ఓడిపోయింది ఆ వాకిట్లోనే. లోపల ఆమె చేతిలో జరిగే అతని హత్య తరువాతి సంగతి.

నా తొలి నాటికలో భర్తను ఎదిరించిన ఇల్లాలు చివర ఏడవాలని ఒక సంపాదకుడు పట్టుబట్టాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆత్రంతో ఏడిపించాను. నలభై ఏళ్లయినా ఆ పేజీ తెరవలేకపోతున్నాను. నేటి సంపాదకులు కన్నీళ్లకు బదులు నినాదాలు అడుగుతున్నారు, ఆమె తెలివిని చూపించమని మాత్రం ఎవరూ అడగడం లేదు.

నీ అగమెమ్నాన్ వట్టి మూర్ఖుడు. మూర్ఖుణ్ణి ఓడించడంలో ఆమె గొప్ప ఏముంది? ఈ నాటకంతో మొదలయ్యే నాటకత్రయం చివరి భాగంలో, బిడ్డకు అసలు జన్మనిచ్చేది తండ్రేనని, తల్లి విత్తనాన్ని కాపాడేది మాత్రమేనని అపోలో దేవుడు వాదిస్తాడు. తండ్రి హత్యకు పగగా తల్లి క్లైటెమ్నెస్ట్రాను చంపిన కొడుకు ఒరెస్టెస్ విచారణలో విడుదలవుతాడు. పురుషాధికారం ఎంత నమ్మకంగా మాట్లాడుతుందో ఈస్కిలస్ దాచలేదు. నువ్వూ దాచకు.

మరో గ్రీకు నాటక నాయిక మెడియా గురించి అడిగావు, అది మరో ఉత్తరంలో. ముందు ఆ సంవాదాన్ని నీ తెలుగులో, ఒక్క పంక్తి కూడా వదలకుండా రాసి నాకు పంపు.