ఆడిషన్‌కి పంపండి, ఎంసెట్ మానిపించకండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఏడేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. టీవీ పాటల పోటీకి వీడియో పంపితే నచ్చిందని, ఆడిషన్‌కి హైదరాబాద్ రమ్మని ఫోన్ చేశారు. సెలెక్ట్ అయితే ఈ ఏడాది ఎంసెట్ రాయనంటోంది. వాళ్ల నాన్నగారేమో 'అదంతా ముందే ఫిక్స్, ఎందుకు వెళ్లడం' అంటున్నారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఏం చేయమంటారు? – ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ఆడిషన్‌కి నిరభ్యంతరంగా పంపండి. ఎంసెట్ (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) కూడా రాయించండి. అమ్మాయి ఆడిషన్‌ను పరీక్ష అనుకుంటోంది, వాళ్ల నాన్నగారు నాటకం అనుకుంటున్నారు. టీవీ ప్రోగ్రాంలో రెండూ కొంత కొంత ఉంటాయి.

జడ్జీల ముందుకొచ్చి భయంభయంగా పాడటం మనం టీవీలో చూస్తాం కదా, అది మొదటి ఆడిషన్ కాదు. అంతకుముందే ఏ స్కూలు హాల్లోనో ప్రొడక్షన్ వాళ్లు, సంగీతం తెలిసిన ఒకరిద్దరు కూర్చుని వచ్చినవాళ్లందరినీ వడపోస్తారు. ఒక్కొక్కరికి దక్కేది రెండు మూడు నిమిషాలే. చరణం దాకా పాడనిచ్చారంటే నచ్చినట్టే. శ్రుతి, తాళం, ఉచ్చారణ చూశాక ఊరు, ఇల్లు, కష్టసుఖాలు అడుగుతారు. చివరికి కావాల్సింది పదీ పన్నెండు మందే కాబట్టి జానపదానికి ఒకరు, మెలోడీకి ఒకరు, ఊపున్న పాటకు ఒకరు అని కూర్పు చూసుకుంటారు. ఒకే తరహా గొంతులు మూడుంటే రెండు పక్కకు పోతాయి. అలా పోయినంత మాత్రాన మీ అమ్మాయికి పాట రాదని కాదు. ఈ మాట వెళ్లకముందే చెప్పి ఉంచండి.

పోటీలన్నీ ఒకే అచ్చు కూడా కాదు. బ్రిటన్‌లో 2001లో సైమన్ ఫుల్లర్ మొదలుపెట్టిన పాప్ ఐడల్ నమూనాయే 2004లో హిందీలో ఇండియన్ ఐడల్ అయింది, 2022లో ఆహా ఓటీటీలో తెలుగు ఇండియన్ ఐడల్‌గా వచ్చింది. అక్కడ ప్రేక్షకుల ఓట్లూ, ఎలిమినేషన్ ఉత్కంఠా ముఖ్యం. 1996లో ఈటీవీలో మొదలైన పాడుతా తీయగా దారి వేరు. పాట అయ్యాక బాలుగారు ఒత్తు ఎక్కడ జారిందో చెబుతుంటే పాఠం విన్నట్టు కూర్చునేవాళ్లం. మీ అమ్మాయి వెళ్లేది ఏ తరహా పోటీయో చూసుకుని సాధన చేయించండి.

మా అక్క కొడుక్కి తోడుగా ఒకసారి రికార్డింగ్‌కి వెళ్లాను. ఏ ప్రోగ్రామో చెప్పనులెండి. మేకప్‌కి పొద్దున్న ఎనిమిదికి రమ్మన్నారు, వాడు పాడింది రాత్రి పదకొండున్నరకి. ఈలోగా లైట్లు మార్చారు, స్పాన్సర్ బోర్డు సరిగ్గా కనబడట్లేదని గంట ఆపారు. అక్క ఫ్లాస్కులో మిరియాల కషాయం మూడుసార్లు నింపుకొచ్చింది. కీబోర్డ్ ఆయన వాడి గొంతు విని, "అర శ్రుతి తగ్గిద్దామా నాన్నా?" అన్నాడు. వీడు పరువుకు పోయి వద్దన్నాడు. చరణంలో పై స్థాయి దగ్గర గొంతు చీలింది. ప్రసారంలో సరిగ్గా ఆ చోట ఒక జడ్జి నుదురు ముడివేసిన షాట్ పడింది. ఆవిడ ఆ ముఖం పెట్టింది అంతకు గంట ముందు, ఏసీ చలికి!

ఫిక్సింగ్ సంగతికొస్తే, గెలిచేవాళ్ల పేరు ముందే రాసి పెట్టుకుంటారని నేననను. కానీ ఎవరు ఏ పాట పాడాలి, ఎవరి తర్వాత ఎవరు రావాలి, పాడిన దాంట్లో ఎంత చూపించాలి అన్నవి మన చేతిలో ఉండవు. ఛానల్ దగ్గర హక్కులు లేని పాటైతే ఎంత బాగా వచ్చినా పాడనివ్వరు. అందుకే వేర్వేరు రసాల్లో పది పాటలైనా సిద్ధంగా ఉండాలి.

అగ్రిమెంట్ మాత్రం పట్టి పట్టి చదవండి. అమ్మాయికి పద్దెనిమిది నిండలేదు కాబట్టి సంతకం మీరే పెట్టాలి. ప్రోగ్రాం అయ్యాక ఎంతకాలం వేరే ఛానల్లో, వేరే స్టేజీ మీద పాడకూడదో అందులో రాసి ఉంటుంది. ఒక లాయరుకు చూపించినా తప్పులేదు. సెలెక్షన్ పేరుతో ఎవరైనా ఫోన్‌పే చేయమంటే అక్కడితో ఆపేయండి.

ఇక భవిష్యత్తు. 2006లో ఇండియన్ ఐడల్ రన్నరప్‌గా నిలిచిన కారుణ్య, 2010లో అదే పోటీ గెలిచిన శ్రీరామచంద్ర మన పిల్లలే. అయితే మీరు చూసిన సీజన్లలో ఆరో స్థానంలో ఆగిపోయినవాళ్ల పేర్లు అమ్మాయిని చెప్పమనండి, నాలుగు కూడా గుర్తురావు. ట్రాక్ పాడటం (అసలు గాయకుల కంటే ముందు నమూనాగా పాడి ఇవ్వడం), కోరస్, పెళ్లి సంగీత్‌లు, అమెరికాలో తెలుగు సభలు... వీటితో నిలదొక్కుకున్నవాళ్లున్నారు. నిలకడగా సంపాదన మొదలవడానికి ఏళ్లు పడుతుంది. బాలుగారు పోటీలో పాడి సంగీత దర్శకులు కోదండపాణి గారి కంటపడ్డది ఇంజనీరింగ్ చదువుకునే రోజుల్లోనే. మొదటి సినిమా పాట 1966 డిసెంబరులో రికార్డయింది.

ఎంపీసీ చదివిన అమ్మాయి కాబట్టి ఇంకో మాట. స్టేజీ ఎదురుగా కన్సోల్ ముందు కూర్చుని గాయకుల చెవిలోకి, ప్రసారానికి వేర్వేరుగా శబ్దం కలిపే సౌండ్ ఇంజనీరును గమనించమనండి. స్వరజ్ఞానం, ఎలక్ట్రానిక్స్ రెండూ ఉన్నవాళ్లకు అక్కడ విలువ ఎక్కువ. డిగ్రీ తర్వాత పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో సౌండ్ కోర్సుకు ప్రయత్నించవచ్చు. బీటెక్ ఈసీఈ చేస్తూ సంగీతం కొనసాగించినా ఆ దారి మూసుకుపోదు.

ముందు ఆడిషన్ తేదీ, ఇంటర్ ప్రాక్టికల్స్ తేదీ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయేమో చూసుకోండి. పడితే ఇంకో రోజు ఇస్తారేమో ఇప్పుడే ఫోన్ చేసి అడగండి. వెళ్లేటప్పుడు ఫ్లాస్కు పెద్దదే పట్టుకెళ్లండి. కీబోర్డ్ ఆయన శ్రుతి తగ్గిద్దామంటే మాత్రం అమ్మాయిని సరేననమనండి.