సుమకు, కరెంటు పాఠం మొదలుపెట్టే ముందు

చి. సుమకు మావయ్య దీవించి వ్రాయునది.

ఇక్కడ అంతా క్షేమం. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పదో తరగతికి విద్యుత్తు, అయస్కాంతత్వం పాఠాలు బోర్డు మీద చెప్పి ఊరుకోకుండా నలభైమంది చేతా విడివిడిగా చేయించబోతున్నావట. విన్నప్పటినుంచీ మీ అత్తయ్యకు ఆ మాటే చెబుతున్నాను. మూడోసారికి "ఇందాకే చెప్పారుగా" అంది. సంతోషం సంతోషమే, కంగారు కంగారే. నలభైమందంటే ఎనభై చేతులు తల్లీ.

ముందు నా భయాలు. పాఠం తర్వాత.

ఆ గదిలో గోడ సాకెట్లన్నిటికీ టేపు అతికించు. ఆ గంటసేపు మెయిన్ కట్టేయగలిగితే మరీ మంచిది. ఫ్యాను లేకపోతే ఎవరికీ ఏమీ కాదు.

బజారులో దొరికే చవక డిజిటల్ మల్టీమీటరుకి మూడు కన్నాలుంటాయి. నల్ల వైరు ఎప్పుడూ 'కామ్' అని రాసి ఉన్నదాంట్లోనే. ఎర్ర వైరు మధ్య కన్నంలో ఉంటే ఓల్టులు, ఓములు, మిల్లీయాంపియర్లు చూపిస్తుంది. అదే ఎర్ర వైరు పది యాంపియర్ల కన్నంలో ఉంటే అది మీటరు కాదు, రెండు వైర్ల చివర ఉండే పుల్లల్నీ కలిపే రాగిముక్క అనుకో. దాని వెనక ఉన్న తీగ నిరోధం ఓములో నూరోవంతు లెక్కన ఉంటుంది, చవక వాటిలో చాలావాటికి ఆ దారిలో ఫ్యూజు కూడా పెట్టరు. ఒకడు సెల్లు కరెంటు కొలిచి ఎర్ర వైరు అక్కడే వదిలేస్తాడు. ఇంకొకడు వచ్చి, మీటరు మీద తిప్పే బిరడా 750 ఏసీ ఓల్టుల దగ్గరికి తిప్పాను కదా అనే ధీమాతో గోడ సాకెట్‌లో పుల్లలు పెడతాడు. బిరడా ఎక్కడున్నా లాభం లేదు, వైరు ఏ కన్నంలో ఉందన్నదే లెక్క. 230 ఓల్టులకు నేరుగా షార్టు. పుల్లల కొనలు కరిగి చిమ్ముతాయి, మీటరు చేతిలోనే పేలుతుంది. అందుకని బడి మీటర్లు అన్నిటికీ ఆ పది యాంపియర్ల కన్నం ఎమ్‌సీల్‌తో మూసెయ్. మీటరు పాడుచేశావని ఎవరైనా అంటే నా పేరు చెప్పు. ఎక్కువ కరెంటు కొలవడానికి బీరువాలో ముల్లు అమ్మీటర్లు ఉంటాయి, అవి చాలు.

పాత పవర్‌బ్యాంకు సెల్లులు, తెగిన మొబైల్ చార్జర్లు పిల్లలు తెస్తే బల్ల మీదికి రానివ్వకు. లిథియం సెల్లు షార్టయితే పదుల యాంపియర్లు పారుతుంది, నిప్పంటుకుంటుంది. మామూలు టార్చిలైటు సెల్లు షార్టయితే వేడెక్కి చస్తుంది, అంతే. ఆ తేడా చాలు.

ఇంకొకటి, పాత ట్యూబులైటు చోకు, అంటే ఇనుము మీద చుట్టిన తీగచుట్ట. ఒకటిన్నర ఓల్టు సెల్లు ఏం చేస్తుందిలే అని చోకుకి తగిలించి, రెండు కొనలూ పక్కవాడి చేతిలో పెట్టి తీగ లాగేస్తారు. లాగిన ఆ క్షణంలో చోకు వందల ఓల్టులు కొడుతుంది. అది చూపించాలనుంటే వేళ్ళ బదులు టెస్టరులోని నియాన్ బల్బు చోకు కొనలకు కట్టి సెల్లు తీగ లాగు. ఆ బల్బు వెలగాలంటే డెబ్భై ఎనభై ఓల్టులన్నా కావాలి, అయినా ఒకటిన్నర ఓల్టు సెల్లుతో తటాలున మెరుస్తుంది. విద్యుదయస్కాంత ప్రేరణ పాఠానికి ఇంతకంటే మంచి మొదలు నాకు తెలియదు.

ఇక పాఠం.

సెల్లులు కొత్తవి కొను. మొసలి క్లిప్పులు రోజూ లాగి చూడు. అమ్మీటరు శ్రేణిలో, ఓల్ట్‌మీటరు సమాంతరంగా. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

రుద్దితే పుట్టే స్థిర విద్యుత్తు వానాకాలంలో పెట్టుకోకు, గాలిలో తేమ వల్ల రుద్దినదాని మీద సన్నని నీటిపొర ఏర్పడి ఆవేశం జారిపోతుంది. పుస్తకంలో దువ్వెన, జుట్టు అని ఉంటుంది. మన పిల్లలు తలకు కొబ్బరినూనె పెట్టుకుని, నున్నగా దువ్వుకుని వస్తారు. ఆ జుట్టులో దువ్వెన నలభైసార్లు గీసినా కాగితం ముక్క కదలదు. పీవీసీ పైపు ముక్క, ఎండలో ఆరేసిన ఉన్ని గుడ్డ తీసుకుని డిసెంబరులో చెయ్. కుళాయి నుంచి దారంలా పడే నీళ్ళ పక్కన పైపు పెడితే నీళ్ళు వంగుతాయి.

ఓల్టులు ఎంత పెరిగితే కరెంటూ అదే లెక్కన పెరుగుతుందనే ఓమ్ నియమానికి బల్బు వాడకు. 2.5 ఓల్టులు, 0.3 యాంపియర్ల టార్చి బల్బు వెలుగుతున్నప్పుడు ఎనిమిది ఓముల పైచిలుకు, చల్లగా ఉన్నప్పుడు ఓమో, కాస్త అటూఇటూనో. పిల్లలు గ్రాఫు గీస్తే వంకర వస్తుంది, వంకర చూసి వాళ్ళే అంకెలు దిద్దేసి గీత సరిచేస్తారు. దొంగలెక్క నేర్పినట్టవుతుంది. 28 గేజి నిక్రోమ్ తీగ ఒక మీటరు తీసుకో, దాదాపు పది ఓములు. ఒక సెల్లుకు 0.15, నాలుగు సెల్లులకు 0.6 యాంపియరు. ఒక యాంపియరు ముల్లు అమ్మీటరులో హాయిగా సరిపోతుంది, తీగ వేడెక్కినా నిక్రోమ్ నిరోధం పెద్దగా మారదు కనుక గీత తిన్నగా వస్తుంది. గీత తిన్నగా వచ్చాక, అప్పుడు బల్బు ఇచ్చి ఎందుకు వంగిందో అడుగు.

దిక్సూచి దగ్గర ఒక మెలిక ఉంది. 1820లో కోపెన్‌హాగన్‌లో అయిర్‌స్టెడ్ చూసినదే, కరెంటు పారే తీగ దిక్సూచి ముల్లును కదిలించడం, మన పిల్లలూ చూడాలి. కానీ తీగను ముల్లు మీదుగా తూర్పు పడమరలుగా పెట్టారనుకో, ఒక యాంపియరు పారినా ముల్లు పక్కకు తిరగదు. ఎందుకంటే ఆ తీగ కింద అయస్కాంత క్షేత్రం ఉత్తరదక్షిణాలుగా ఉంటుంది, భూమి క్షేత్రంతో కలుస్తుంది లేదా దాన్ని తగ్గిస్తుంది, అంతే. తీగను ముల్లుతో సమానంగా, ఉత్తరదక్షిణాలుగా పెట్టించు. ముల్లుకి ఒక సెంటీమీటరు పైన ఒక యాంపియరు పారితే తీగ క్షేత్రం బలం 20 మైక్రోటెస్లాలు. భూమి క్షితిజ సమాంతర క్షేత్రం లాబు పుస్తకాల్లో తీసుకునే విలువ 38. అంటే ముల్లు దాదాపు 28 డిగ్రీలు తిరగాలి. తీగ రెండు సెంటీమీటర్ల ఎత్తుకి లేపితే 15 డిగ్రీలు. ఈ అంకెలు ముందు బోర్డు మీద రాసి, తర్వాత కీ నొక్కమను. మూడు సెకన్లే నొక్కాలి. బల్లలు ఇనుపవైతే కుదరదు, చెక్క పీట వేసుకో. దిక్సూచులు కొనగానే అన్నీ దూరదూరంగా పెట్టి చూడు. అయస్కాంతాలతో కలిపి ఒకే డబ్బాలో పడేసినవి కొన్ని తిరగబడి దక్షిణాన్ని ఉత్తరమని చూపిస్తుంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. మోటారు.

సెల్లు, రెండు పిన్నీసులు, రబ్బరు బ్యాండు, రింగు అయస్కాంతం, ఒక తీగచుట్ట. సెల్లు రెండు చివరలా రబ్బరు బ్యాండుతో నిలిపిన పిన్నీసుల కన్నాల్లో చుట్ట కొనలు ఆనతాయి, చుట్ట కింద అయస్కాంతం ఉంటుంది. చూడటానికి ఇంతకంటే సులువైనది లేదు, తరగతిలో ఇంతకంటే ఎక్కువ పాడయ్యేదీ లేదు. నలభైలో ఎన్ని ఆడకపోయినా తప్పు దాదాపు ఒకటే, బళ్ళల్లో ఏటా చేసేదే. ఓపిగ్గా చదువు.

పెద్ద టార్చి సెల్లు చుట్టూ, కరెంటు పోనివ్వని ఎనామిల్ పూత ఉన్న 28 గేజి రాగితీగ పదిహేను చుట్లు చుట్టి, రెండు కొనలూ ఎదురెదురుగా ఇరుసులా బయటికి తీస్తారు. ఒక కొన మీది పూత చుట్టూతా గీకాలి. రెండో కొన సగమే గీకాలి. ఎందుకు సగమే? రెండూ పూర్తిగా గీకితే ప్రతి అరచుట్టుకీ తోపు ఎదురు తిరుగుతుంది, చుట్ట ఉయ్యాలలా అటూఇటూ ఊగి ఆగిపోతుంది. సగం గీకితే తోపు ఎదురు తిరగాల్సిన అరచుట్టులో కరెంటు ఉండదు, ఊపుతో దాటిపోతుంది. ఇంతవరకూ పుస్తకంలో ఉంటుంది.

పుస్తకంలో ఉన్నా ఎవరూ పట్టించుకోనిది, *ఏ* సగం అన్నది. పిల్లవాడు ఏం చేస్తాడు? చుట్టను బల్ల మీద పడుకోబెట్టి, కొనను వేలితో అదిమి, పైనుంచి గరుకు కాగితంతో రుద్దుతాడు. చేతికి వాటంగా ఉండేది అదే కదా. కానీ అలా గీకితే చుట్ట అయస్కాంతం మీద పడుకుని ఉన్నప్పటి చుట్టూ అరచుట్టు కరెంటు పారుతుంది. అందులో మొదటి పావు ఒకవైపు తోస్తుంది, రెండో పావు వెనక్కి లాగుతుంది. మొత్తం సున్నా. గీకిన పని శుభ్రంగా ఉంటుంది, సెల్లు కొత్తది, అయస్కాంతం మంచిది, మోటారు ఆడదు.

ఆ తర్వాత జరిగేది ఇంకా ఘోరం. అలా గీకిన చుట్టల్లో కొన్ని పడుకుని ఆగిపోతాయి, కరెంటు పారుతూనే ఉంటుంది, సెల్లు కాలుతుంది. మిగతావి కరెంటు తగలని వైపు ఆగుతాయి, సెల్లు చల్లగానే ఉంటుంది. చల్లగా ఉందంటే "ఎనామిల్ ఇంకా ఉందేమో" అనుకుని ఇంకాస్త గీకుతాడు. ఇంకాస్త, ఇంకాస్త. చివరికి కొన మొత్తం రాగి తేలుతుంది. ఇప్పుడది ఉయ్యాల. మొదటి తప్పు కూడా కనపడకుండా పోయింది. పక్కవాడిది ఆడుతుంటుంది, వీడు మొహం వేలాడేసుకుని "నాకు సైన్సు రాదు టీచర్" అంటాడు. వాడికి రానిది సైన్సు కాదు, చుట్టను నిలబెట్టడం.

కాబట్టి ఇలా చేయించు. కొనను బల్ల అంచు మీద పెట్టి, చుట్ట అంచు బయట గాలిలో ఉండేలా పట్టుకోవాలి. చుట్ట గాజును నిలబెట్టినట్టు నిటారుగా ఉండాలి, సగం బల్ల పైకి, సగం కిందికి. అలా పట్టుకుని కొన పైభాగం మాత్రం గీకాలి, తీగను తిప్పకూడదు. అప్పుడు తోపు ఎక్కువగా ఉండే స్థితి సరిగ్గా కరెంటు పారే అరచుట్టు నడుమకి వస్తుంది. చుట్ట పడుకునే చోట కరెంటు తెగుతుంది.

గీకడం ఎక్కువైన చుట్టను పారేయనివ్వకు. మళ్ళీ గాజులా నిలబెట్టి, కొన పైసగానికి గోళ్ళరంగు పూసి బాగా ఆరనిస్తే సరిపోతుంది. నీ దగ్గర ఎప్పుడూ ఒక సీసా ఉంటుందిగా, ఇన్నాళ్ళకు దానికో పని దొరికింది. లైటరుతో కాల్చి ఎనామిల్ తీస్తామంటే వద్దను, నల్లటి మసి పట్టి అదే కొత్త పూత అవుతుంది. మోటారు ఆడనప్పుడు నువ్వు చెయ్యి పెట్టకు. సెల్లు ముట్టుకుని చూడమను, చుట్ట ఎలా ఆగిందో చూడమను, నిలబెట్టి రాగి ఎటు ఉందో చూడమను. మూడూ చూశాక వాడే చెబుతాడు. ఆడినా సరే, ఒక నిమిషం తర్వాత చుట్ట తీసేయమను. తీగ నిరోధం పావు ఓము, సెల్లును పీల్చేస్తుంది.

విద్యుదయస్కాంతానికి మూడంగుళాల మేకు, అదే తీగ రెండువందల చుట్లు. కీ ఐదు సెకన్లు మించి నొక్కొద్దు. కరెంటు ఆపినా గుండుసూదులు రాలకపోతే మేకుది తప్పు. దాన్ని పొయ్యిలో ఎర్రగా కాల్చి బూడిదలో పెట్టి మెల్లగా చల్లారనివ్వు, మెత్తబడి మాట వింటుంది. మీ అమ్మమ్మ వాళ్ళింట్లో కట్టెల పొయ్యి ఇంకా ఉందిగా. చిన్నప్పుడు ఆ పొయ్యి ముందే కూర్చుని మీ తాతగారి టార్చి విప్పి, స్ప్రింగు నిప్పుల్లో పారేసింది నువ్వే. ఆ టార్చి మళ్ళీ వెలగలేదు. ఎవరూ నిన్ను ఏమీ అనలేదు, గుర్తుందా?

తీగ చుట్టూ క్షేత్రం ఎటు తిరుగుతుందో చెప్పే కుడిచేతి బొటనవేలు నియమం పరీక్షలో తప్పేది తెలియక కాదు. కుడిచేతిలో పెన్ను ఉంటుంది, ఖాళీగా ఉన్న ఎడమచెయ్యి లేపుతారు. జవాబు సరిగ్గా తిరగబడుతుంది. ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా "పెన్ను కింద పెట్టండి" అని గట్టిగా చెప్పు.

తీగ సైన్సు సామాను దుకాణంలో కొనకు. మోటారు వైండింగ్ షాపులో తూకానికి ఇస్తారు. 28 గేజి రాగి మీటరుకి ఒక గ్రాము లెక్క. మేకుకి నాలుగు మీటర్లు, మోటారుకి రెండు, నలభైమందికి రెండువందల నలభై మీటర్లు. తెంపి పారేసేవి కూడా చూసుకుని మూడువందల గ్రాములు అడుగు. రీలు మీద చుట్టి ఇమ్మను, ఉండలా చుట్టి ఇస్తే చిక్కు తీయడానికే నీకు రెండు పీరియడ్లు పోతాయి.

సంక్రాంతికి వస్తావుగా. బాగా ఆడిన మోటారు తేవద్దు, ఫోనులో చూపిస్తే చాలు. అస్సలు ఆడనిది ఒకటి, పిల్లవాడు గీకింది గీకినట్టుగా, నువ్వు సరిచేయకుండా పట్టుకురా. మీ అత్తయ్య అరిసెలు చేస్తానంటోంది.

ఇట్లు,
మీ మావయ్య