గదిలో కుంపటి, పక్కలో వేడినీళ్ల బ్యాగు

ప్రశ్న: పక్షవాతంతో మంచం పట్టిన మా నాన్నకు రాత్రిళ్లు కేర్‌టేకర్ ఉంటోంది. చలికి గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూస్తోంది. కాళ్ల దగ్గర వేడినీళ్ల బ్యాగు కూడా పెడుతోంది. పర్వాలేదా?
– ఒక పాఠకురాలు, ఆదిలాబాద్

జవాబు: కుంపటి ఈ రోజే బయట పెట్టించండి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. పొగ పోయి ఎర్రగా కాలుతున్న నిప్పుల నుంచి కూడా అది వస్తుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిటికీ కాస్త తెరిచాం కదా అనుకోవద్దు.

బ్యాగుతో భయం వేరు. పక్షవాతం వచ్చిన వైపు స్పర్శ తగ్గి ఉంటే, చర్మం కాలినా ఆయనకు తెలియదు. మరిగే నీళ్లు వద్దు. వేడినీళ్లు మూడింట రెండొంతులు పోసి, గాలి పోయేలా నొక్కి, మూత బిగించి, తువ్వాలు చుట్టి అరగంట ముందే పక్కలో పెట్టండి. ఆయన్ను పడుకోబెట్టేటప్పుడు తీసేయాలి. ఆపైన ఉన్ని టోపీ, సాక్సులు, రెండు మూడు పొరల దుప్పట్లు. తడిసిన డయాపర్ ఒంటి వేడిని లాగేస్తుంది, రాత్రి కూడా చూసి మార్చమనండి.

మగతగా ఉన్నా, మాట మామూలు కంటే ముద్దగా వస్తున్నా థర్మామీటర్ పెట్టండి. 95 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువుంటే 108కి ఫోన్ చేయండి. ఈలోగా ఛాతీ, పొట్ట వెచ్చగా కప్పండి. కాళ్లూ చేతులూ రుద్దకండి. మగతలో టీ తాగించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.