మాకు సినిమా రంగంలో ఎవరూ లేరు, అబ్బాయి కెమెరా అంటున్నాడు

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసిన మా అబ్బాయి, ఇరాన్ తొలి సినిమా ఛాయాగ్రాహకుడు మీర్జా ఇబ్రహీం ఖాన్ గురించి చదివి, తానూ సినిమాటోగ్రఫీయే చేస్తానంటున్నాడు. ఇంజినీరింగ్‌లో చేరితే కెమెరా కొనిపెడతామన్నాం. ప్రైవేటు సంస్థలో ఏడాది కోర్సు మంచిదా, డిగ్రీ చేసి పుణెలోని ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థకు వెళ్లడం మంచిదా? ఆ రంగంలో మాకు ఎవరూ లేరు. (ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: అమ్మా, మీరడిగింది కోర్సుల గురించే అయినా, మీ భయమంతా చివరి వాక్యంలో ఉంది. దాన్ని నేను కొట్టిపారేయను. ఇబ్రహీం ఖాన్‌కు అండ ఉంది. తండ్రి ఛాయాగ్రాహకుడు, యజమాని సాక్షాత్తు ఇరాన్ పాలకుడు ముజఫరుద్దీన్ షా. 1900లో ఫ్రాన్స్‌లో సినిమా యంత్రాన్ని చూసి ముచ్చటపడిన షా, దాన్ని కొనే పని ఈయనకే అప్పగించాడు. ఆ ఆగస్టులో బెల్జియంలోని ఒస్టెండ్‌లో పూల పండుగ జరుగుతుండగా, అలంకరించిన బండ్లలోని స్త్రీలు షా మీదికి పూలగుత్తులు విసురుతుంటే, ఇబ్రహీం ఖాన్ కెమెరా పిడి తిప్పుతూ ఆ దృశ్యాన్ని చిత్రించారు. ఇరాన్ సినిమా చరిత్ర ఆ పూలతోనే మొదలైంది.

అయితే కొన్ని వారాల్లోనే ఆ కొత్త యంత్రం ఆయన చేతికి లొంగిందంటే, అది షా ఆజ్ఞ వల్ల కాదు. తండ్రితో యూరప్ వెళ్లి కుర్రతనంలోనే ఫొటోగ్రఫీ నేర్చుకున్న చేయి అది. బతుకుతెరువు కూడా సినిమా కాదు, ఆస్థాన ఛాయాగ్రాహకుడి కొలువు. ఆయన 1915లో కన్నుమూశారు. ఇరాన్ తొలి కథాచిత్రం 1930లో గానీ రాలేదు. మీ అబ్బాయి ఈ భాగాన్ని మరోసారి చదవాలి.

అందుకే, లక్షలు కట్టించుకుని డ్రోన్, గింబల్ (కెమెరా కుదుపులు లేకుండా పట్టే సాధనం) చేతికిచ్చి ఏడాదిలో పంపించేసే కోర్సులంటే నాకు నమ్మకం లేదు. అలాంటివి ముగించి నా దగ్గరికి వచ్చినవారిలో, కిటికీ పక్కన కూర్చున్న మనిషి ముఖం ఒకవైపు ఎందుకు చీకటిగా ఉంటుందో, తెల్ల థర్మాకోల్ అట్టతో దాన్ని ఎలా సరిచేయాలో చెప్పలేనివారిని చూశాను. పుణె, కోల్‌కతా ప్రభుత్వ సినిమా సంస్థల్లో సినిమాటోగ్రఫీకి డిగ్రీ ఉండాలి కాబట్టి చదువు వృథా కాదు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్ఏఎఫ్ఏయూ)లో ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ (లలితకళల డిగ్రీ) ఉంది, నాలుగేళ్లు.

ఒక మాట కటువుగానే చెబుతాను. పిల్లవాడు ప్రాణంగా చూసుకునే వస్తువును ఇంజినీరింగ్ సీటుకు ఎర వేయడం తప్పు. నాలుగేళ్ల తర్వాత చేతిలో ఇష్టంలేని పట్టా, మనసులో మీ మీద కోపం మిగులుతాయి. తెలిసినవారు లేకపోవడం లోటే, కానీ సహాయకుడిగా చేరి పనిచేసిన సెట్లలోనే తెలిసినవారు తయారవుతారు. ముందు షరతు లేకుండా ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా కొనివ్వండి. ఆరు నెలల తర్వాత కూడా తెల్లవారుజాము వెలుగు కోసం తానే లేచి వెళుతుంటే, తీసిన ఫొటోలతో అబ్బాయినే నాకు రాయమనండి.