చిట్టీ, ఆ పాత గ్రీన్ కార్డుతో విమానం ఎక్కకు

చిట్టీ,

నువ్వూ అల్లుడూ మళ్లీ ఇటు అమెరికా వచ్చేస్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే బాబాయి పై గది సర్దడం మొదలెట్టాడు. నాకు మాత్రం తర్వాతి మాటకి నిద్ర పట్టలేదు. "కార్డు మీద ఇంకా గడువుందిగా, దాంతోనే దిగిపోతా" అన్నావట. ఏడాది దాటి బయటుంటే ఆ గడువు ఉన్నా ప్రయాణానికి పనికిరాదే పిచ్చిదానా! తెనాలి వెళ్లి ఆరేళ్లయింది నువ్వు. అప్పుడే, ఎక్కువకాలం బయటుండి తిరిగిరావడానికి పనికొచ్చే రీఎంట్రీ పర్మిట్‌కి అప్లై చేసి వెళ్లమంటే "నాన్న మంచంలో ఉంటే ఫారాలేంటి పిన్నీ" అన్నావు. సరేలే, నేనున్నా అదే అనేదాన్ని.

మా తోడికోడలి సంగతి నీకు పూర్తిగా తెలీదు. మా అత్తగారికి తుంటి విరిగితే గుంటూరు వెళ్లి ఏడాదిన్నర ఉండిపోయింది. తిరిగొస్తే ఎయిర్‌పోర్టులో పక్కగదిలో కూర్చోబెట్టారు. బీపీ మాత్రలు బ్యాగులో, బ్యాగు వాళ్ల బల్ల మీద. కాగితం ముందుకు తోసి, సంతకం పెడితే త్వరగా అయిపోతుందన్నారు. పెట్టేసింది. అది ఐ-407, నివాస హక్కు నేనే వదులుకుంటున్నానని రాసిచ్చే ఫారం. పెట్టననొచ్చు, ఇమిగ్రేషన్ జడ్జికే చెప్పుకుంటాననొచ్చు. ఆ మాట చెప్పేవాళ్లెవరూ పక్కన లేరు. బయట మా బావగారు ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని నిలబడే ఉన్నారు, ఆవిణ్ణి వెనక్కి పంపేశారు. ఆయన సిటిజన్ కాబట్టి మళ్లీ పిటిషన్ వేసి తెచ్చుకున్నారు, కానీ అన్నాళ్లూ ఒకరిక్కడ, ఒకరక్కడ. ఇప్పటికీ కొరియర్ రసీదు మీద కూడా నేను చదివి చెప్తేగానీ సంతకం పెట్టదు.

ఎస్‌బీ-1 వీసా, అంటే ఎక్కువకాలం బయట ఆగిపోయిన పాత కార్డువాళ్లకిచ్చేది, ఉందని ఎవరో చెప్పారట. మన చేతిలో లేని కారణంతో ఆగిపోయామని రుజువు చెయ్యాలి దానికి. నాన్న పక్షవాతం వరకూ సరే. ఆయన పోయాక కాలేజీలో ఉద్యోగం, పెళ్లి, డాబా మీద ఇంకో అంతస్తు, వీటికేం చెప్తావు?

అల్లుడు సిటిజన్, అదే మన దారి. అతను నీకోసం వేసే పిటిషన్ ఐ-130, నువ్వు పెట్టే వీసా దరఖాస్తు డీఎస్-260, మెడికల్, ఆ వరస లాయరు చెప్తాడు. ఇంటర్వ్యూ ముంబైలో, హైదరాబాద్‌లో కాదు. పెళ్లయి రెండేళ్లు దాటింది కాబట్టి పదేళ్ల కార్డే వస్తుంది. పాత కార్డు సంగతి దాచకు. అప్పుడు ఐ-407 అడిగితే చదివి, తెలిసి పెట్టు. ఉండిపోవాలని మనసులో పెట్టుకుని విజిటర్ వీసా మీద మాత్రం రావద్దు, ఆ పక్కగదిలో నువ్వు కూర్చోవడం నేను చూడలేను.

అసలు చిక్కు అల్లుడితోనే. స్పాన్సర్ చేసేవాడికి ఇక్కడ కాపురమైనా ఉండాలి, నీతోపాటో ముందో వచ్చి ఇక్కడ స్థిరపడుతున్నట్టయినా చూపించాలి. అతన్ని ముందు పంపెయ్, పై గది అందుకే. ఇక్కడ సంపాదన లేదు కాబట్టి, నీ పోషణ భారం మాదేనని రాసిచ్చే ఐ-864 ఫారం మీద బాబాయి జాయింట్ స్పాన్సర్‌గా ఉంటానన్నాడు. అది ఉత్త సంతకం కాదే. నువ్వు సిటిజన్ అయ్యేదాకానో, నలభై క్వార్టర్ల పని, అంటే సుమారు పదేళ్లది, లెక్కకొచ్చేదాకానో ఆయన మెడకే. మీరిద్దరూ విడిపోయినా తప్పదు. ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. నేను రెండ్రోజులు ఆలోచించా, దాచడమెందుకు.

ఇంకోటి. సిటిజన్ తెనాల్లో సంపాదించినా రాబడి పరిమితి దాటితే ఇక్కడ ఏటా ట్యాక్స్ రిటర్న్ వెయ్యాల్సిందే. అల్లుడు వేస్తున్నాడా? ఆదివారం ఫోన్ దగ్గర కూర్చోబెట్టు, ఎన్నేళ్లవి బాకీ ఉన్నాయో బాబాయికి ముందు అది చెప్పమను.

మీ పిన్ని
ఎడిసన్, న్యూజెర్సీ