మియాటా క్లబ్‌కు బ్రెంబో, బీబీఎస్, రెకారో ప్యాకేజీ అవసరమా? రెండు కార్లూ నడిపిన అనుభవంతో

మీరు సన్నీవేల్‌లో ఉంటూ మాజ్దా ఎంఎక్స్-5 మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారును, బట్ట టాప్ ఉన్న క్లబ్ ట్రిమ్‌లో (ఆ కారు అమ్మే రకాల్లో ఒకటి), మాన్యువల్ గేర్లతో కొనాలనుకుంటున్నారు. దాని మీద మరో 4,500 డాలర్ల దాకా పెట్టి బ్రెంబో బ్రేకులు, బీబీఎస్ చక్రాలు, రెకారో సీట్లు ఉండే ప్యాకేజీ తీసుకోవాలా వద్దా అన్నది మీ ప్రశ్న. రోజూ ఆఫీసు, వారాంతాల్లో కొండ రోడ్లు, ఏడాదికి ఒకటి రెండు సార్లు మాంటెరే దగ్గరి లగూనా సెకా రేస్ ట్రాక్ అని మీ వాడకం గురించి రాశారు. నేను 2019 మోడల్‌ను ఆ ప్యాకేజీతోనే కొన్నాను. నా బావమరిది అదే ఏడాది అదే కారును ప్యాకేజీ లేకుండా కొన్నాడు. రెండు కార్లూ ఫ్రీమాంట్‌లో పక్క పక్క వాకిళ్ళలోనే ఉంటాయి కనుక ఎన్నోసార్లు మార్చుకొని నడిపాము. మీ వాడకానికి ఆ ప్యాకేజీ అక్కర్లేదనే నేను అంటాను. సీట్లు ఒక్కటే ఆలోచించవలసిన విషయం.

కొనేటప్పుడు నేను చేసిన పొరపాటు ఏమిటంటే, కారు చురుకుదనమంతా ఆ ప్యాకేజీలోనే ఉందనుకోవడం. నిజానికి మలుపుల్లో కారు నడతను మార్చేవి, అంటే బిల్‌స్టీన్ షాక్ అబ్జార్బర్లు, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (మలుపులో ఒక వెనుక చక్రం పట్టు తప్పినా రెండో దానికి శక్తి అందించేది), ముందు షాక్ టవర్లను కలిపే అడ్డ కడ్డీ, ఇవన్నీ మాన్యువల్ క్లబ్‌లో ముందే ఉంటాయి. పైకప్పు లేని కారుకు బాడీ బిగువు సహజంగానే కొంత తక్కువ కనుక ఆ కడ్డీ చిన్న విషయమేమీ కాదు. ఇంజన్‌ను 2019లో 155 నుంచి 181 హార్స్‌పవర్‌కు పెంచారు. అది కూడా అన్ని ట్రిమ్‌లకూ వచ్చిందే. ప్యాకేజీ వల్ల అదనంగా వచ్చేవి ముఖ్యంగా మూడే: ముందు చక్రాలకు నాలుగు పిస్టన్ల బ్రెంబో కాలిపర్లు (బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు), ఫోర్జింగ్ చేసిన 17 అంగుళాల బీబీఎస్ చక్రాలు, రెకారో సీట్లు.

బ్రేకుల సంగతి మౌంట్ హామిల్టన్ రోడ్డు మీద తేలిపోయింది. శాన్ హోసే నుంచి లిక్ అబ్జర్వేటరీకి పోయే ఆ రోడ్డును 1876 నాటికి గుర్రపు బండ్ల కోసం వేశారు. సామాన్లు లాగే గుర్రాలు ఎక్కగలిగేలా వాలును 7 శాతం లోపే ఉంచారు గనుక, సుమారు 4,200 అడుగుల ఎత్తుకు చేరడానికి కొండను చుట్టి చుట్టి వందలాది మలుపులు పెట్టవలసి వచ్చింది. అటువంటి చోట షాక్ అబ్జార్బర్లకు, డిఫరెన్షియల్‌కు నిరంతరం పని ఉంటుంది గాని బ్రేకులకు అంతగా ఉండదు. పైగా ఈ కారు బరువు 1,100 కిలోల లోపే. ఇద్దరమూ పై నుంచి కిందికి దిగి, కార్లు మార్చుకొని మళ్ళీ ఎక్కి దిగాము. పెడల్ కింద ఏ తేడా నాకు తెలియలేదని ఒప్పుకోవడానికి ఆ రోజు కొంచెం మనసొప్పలేదు. ఒక్కసారి గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు ఎంత దూరంలో ఆగుతుందనేది చివరికి టైరు పట్టును బట్టి ఉంటుంది. మామూలు కాలిపర్ కూడా ఆ పట్టును పూర్తిగా వాడుకోగలదు.

పెద్ద కాలిపర్లకు అసలు పని పడేది ట్రాక్ మీద. లగూనా సెకాలో మొదటి మెరక దాటి రెండో మలుపుకు దిగేటప్పుడు వేగాన్నంతా ఒక్కసారిగా చంపుకోవాలి. ప్రతి చుట్టులోనూ అదే పని చేస్తుంటే ప్యాడ్లు కాలి, బ్రేక్ ఆయిల్ మరిగి, పెడల్ మెత్తబడుతుంది. అయితే అక్కడి దాకా వెళ్ళడమే ఓపెన్ టాప్ కారుకు పెద్ద పరీక్ష. ట్రాక్ డే (సొంత కార్లను ట్రాక్ మీద నడపనిచ్చే రోజు) నిర్వాహకులు చాలామంది రోల్ బార్, అంటే కారు బోల్తా పడితే తలను కాపాడే కమ్మీ, లేనిదే ఇటువంటి కార్లను రానివ్వరు. రోల్ బార్ ఉన్నా, దాని పై అంచు నుంచి ముందు అద్దం ఫ్రేము దాకా ఒక కర్ర ఆనించి, హెల్మెట్ ఆ కర్ర కిందే ఉందా అని చూస్తారు. నా ఎత్తు ఆరడుగులు. రోల్ బార్ బిగించుకొని వెళ్ళినా రెకారో సీటులో నా హెల్మెట్ ఆ గీత దాటింది. నాలుగున్నర వేల డాలర్ల ప్యాకేజీతో నేను గట్టున నిలబడ్డాను. ఐదడుగుల ఆరంగుళాల బావమరిది మాత్రం మామూలు కాలిపర్లకే ట్రాక్ ప్యాడ్లు, ఎక్కువ వేడికి తట్టుకునే బ్రేక్ ఆయిల్ వేసుకొని రోజంతా తిరిగాడు. వాటికి అతనికి నాలుగు వందల డాలర్లు కూడా కాలేదు. సాయంత్రం "బావా, బ్రెంబోలు చల్లగా ఉన్నాయా?" అని అడిగాడు.

చక్రాలు అందంగా ఉంటాయి, కాస్త తేలిక కూడా. కాని ఒకదాన్ని పార్కింగ్ గట్టుకు నేనే రాసుకున్నాను, బాగు చేయించడానికి అయిన ఖర్చు ఇప్పటికీ గుర్తుంది. అదీగాక, బ్రెంబో కాలిపర్ల మీద చాలా రకాల 16 అంగుళాల చక్రాలు పట్టవు. బావమరిది 880 ఫ్రీవే మీది కుదుపులు తగ్గించుకోవడానికి 16 అంగుళాలకు మారి చవకైన టైర్లు కొంటున్నాడు. నాకు ఆ వీలు లేదు.

ఇక సీట్లు. కాలిపర్లు, చక్రాలు తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎయిర్‌బ్యాగులతో, సెన్సర్లతో ముడిపడిన సీట్లను మార్చడం అంత తేలిక కాదు. రెకారో సీటు నన్ను మలుపుల్లో గట్టిగా పట్టుకుంటుంది, మాంటెరే దాకా నడిపినా నా నడుము నొప్పి పెట్టదు. నా భార్యకు మాత్రం దాని పక్క గట్లు గంటలోనే గుచ్చుకుంటాయి, టాప్ మూసి ఉన్నప్పుడు ఆ గట్టు దాటి దిగడం ఆమెకు విసుగు. అందుకే డీలర్ దగ్గర రెండు రకాల సీట్లలోనూ మీరూ, మీతో తరచూ ప్రయాణించేవారూ అరగంట చొప్పున కూర్చోండి, టాప్ మూసి రెండు మూడు సార్లు దిగి ఎక్కండి, ట్రాక్ ఆలోచన నిజంగా ఉంటే మీ హెల్మెట్ కూడా వెంట తీసుకువెళ్ళండి.